వంతు తెలియని పాచిక

అనగనగా ఒక అడవిలో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఎంతసేపు చెవులు రిక్కించినా ఒక్క అరుపు కూడా వినపడలేదు. పిట్టలు కొమ్మల మీదే ఉన్నాయి. పంది పొదలోనే ఉంది. నోళ్ళు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. చప్పుడు మాత్రం రావడం లేదు. మిగతావాళ్ళు భయంతో కిక్కురుమనడం లేదు. అంత పెద్ద అడవి అలా ఎందుకు మూగబోయిందో చెబుతాను. భయమేస్తే నా పక్కకు జరగండి. మధ్యలో మాత్రం లేచి వెళ్ళొద్దు, సగం కథ విన్నవాళ్ళకే ఎక్కువ భయం వేస్తుంది.

ఆ అడవిలో ఒక అలవాటు ఉండేది. అడవి మొత్తానికి ఒకటే నీటిగుంట. ఎండలు ముదిరితే అందరూ అక్కడికే రావాలి. తోసుకోకుండా ఉండాలని పెద్దలు వంతులు పెట్టారు. పాలిచ్చే తల్లులు ముందు. తరవాత కొమ్ములున్నవాళ్ళు. తరవాత ముట్టెలున్నవాళ్ళు. చివర రెక్కలున్నవాళ్ళు. ఒకసారి తాగినవాళ్ళు మళ్ళీ ఆ రోజు వరసలో నిలబడకూడదు. చిరుత కూడా తన వంతు దాకా ఆగి, తల వంచుకుని తాగి వెళ్ళేది. గుంట దాటాక దాని బుద్ధి వేరే అనుకోండి.

వంతు తప్పడం ఆ అడవిలో ఎవరూ ఎరగరు. అందుకని లోకమంతా వంతుల మీదే నడుస్తుందని వాళ్ళకు గట్టి నమ్మకం. ఇప్పపూల వంతు అయ్యాక తునికిపళ్ళ వంతు వస్తుంది, ఎండ వంతు అయ్యాక వాన వంతు వస్తుంది అని పిల్లలకు పాలతోపాటే నేర్పేవాళ్ళు. మంచి అలవాటే. ఆ మంచి అలవాటే వాళ్ళ కొంప ముంచింది.

ఆ ఏడాది వాన వంతు రాలేదు. గుంట అడుగున బురద పగుళ్ళిచ్చింది. అడవిలో నీళ్ళున్న చోటు ఇంకొక్కటే మిగిలింది. కొండ పక్కన పాడుబడిన వేట బంగళా ఉంది. వెనకటికి ఎవరో దొరలు వేటకు వచ్చి దిగేవాళ్ళట. దాని పెంకులు జారిపోయాయి, తలుపులు ఊడిపోయాయి. నడవా మధ్యలో ఒక రాతి తొట్టి, దాని నిండా నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళు ఎండవు. ఆ తొట్టి పక్కన ఒక ముసలి దుమ్ములగొండి కూర్చుని ఉండేవాడు. ఎప్పుడూ బొమికలు కొరుకుతూ ఉంటాడు కాబట్టి అందరూ అతన్ని బొమికల తాత అనేవాళ్ళు. అతను ఎప్పుడు వచ్చాడో ఎవరికీ తెలియదు. అతని సొంత గొంతు ఎలా ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు. ఎవరి గొంతో గుర్తుపట్టలేనంత గుసగుసగా మాట్లాడేవాడు.

ముందుగా వెళ్ళింది అడవిపంది బండన్న. ఎవరినీ అడగకుండా తొట్టిలో ముట్టె పెట్టాడు. నీళ్ళు కిందకు దిగాయి. ఇంకా వంగాడు. ఇంకా దిగాయి. ముట్టె తీసేసరికి మళ్ళీ అంచు దాకా వచ్చి నిలబడ్డాయి.

"ఆడి గెలిచినవాళ్ళకే ఆ నీళ్ళు నోటికి తగులుతాయి," అన్నాడు బొమికల తాత.

తొట్టి అంచు మీద రెండు ఆటలు పెట్టి ఉన్నాయి. ఒకటి బొమికతో చేసిన పాచిక. దానికి ఆరు వైపులు, ఒక్కో వైపు ఒకటి నుంచి ఆరు దాకా చుక్కలు. రెండోది దొరలు వదిలిపోయిన పేక. చెదలు తినగా పన్నెండు ముక్కలు మిగిలాయి. వాటిని తాత ముఖాలు పైకి పెట్టి పరిచి, బండన్న వెనకే వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. పన్నెండింటిలో రాజులు ఇద్దరు, ఇస్పేటు రాజు, ఆఠీను రాజు. మిగతా పదీ ఉత్త ముక్కలు.

పాచికలో ఆరు పడినా గెలుపే, పేకలో రాజు వచ్చినా గెలుపే అని తాత చెప్పాడు. ఒక్కరు గెలిస్తే చాలు, అడవి అంతా ఎండాకాలం పొడుగునా తాగొచ్చు, అంతకుముందు ఓడినవాళ్ళు పోగొట్టుకున్నది కూడా తిరిగి ఇచ్చేస్తాడు. ఒక గొంతుకు ఒకటే ఆట. ఎండ నడినెత్తికి వచ్చి ఎవరి నీడ వాళ్ళ కాళ్ళ కిందకు చేరినప్పుడే ఆట. ఓడితే ఓడినవాళ్ళ గొంతు అతనిది.

ఇక్కడ ఒక్క నిమిషం. లెక్క అనగానే మొహం చిట్లించకండి, చిన్న లెక్కే. పాచికకు ఆరు వైపులు, గెలిచేది ఒక వైపు. ఆరింట ఒకటి. పేకలో పన్నెండు ముక్కలు, గెలిచేవి రెండు. అదీ ఆరింట ఒకటే. మొదటి రోజు రెండు ఆటలూ సరిసమానం. తాత అందులో మోసం చెయ్యలేదు. ఆటలో అతను ఎన్నడూ మోసం చెయ్యడు. అతనికి ఆ అవసరం రాదు.

బండన్న పాచిక వేశాడు. రెండు పడింది. బొమికల తాత నోరు తెరిచి గాలి పీల్చాడు, అంతే. బండన్న ఏదో అనబోయాడు, మాట రాలేదు. తాత పెదాలు తుడుచుకుని, "తరవాత ఎవరు?" అన్నాడు. అది బండన్న గొంతు.

మర్నాడు గోరింకలు వెళ్ళాయి. తొమ్మిది అక్కచెల్లెళ్ళు, అడవిలో అందరికన్నా ఎక్కువ గోల చేసేది వాళ్ళే. మనం తొమ్మిదిమంది, ముక్కలు పన్నెండు, ఎవరో ఒకరికి రాజు తగలకపోతాడా అనుకున్నారు. లెక్క తప్పేమీ కాదు. కానీ పెద్దక్కకు ఉత్త ముక్క వచ్చింది. రెండో దానికీ అంతే. వచ్చిన ప్రతి ముక్కనూ తాత అందరికీ చూపించి, నమిలి మింగేశాడు. తొమ్మిదోది కూడా ఓడిపోయాక ఆ తొమ్మిదీ ఒక కొమ్మ మీద వరసగా కూర్చుని నోళ్ళు తెరిచి మూస్తూ ఉండిపోయాయి. ఆ రోజు నుంచి తాత దగ్గరికి వెళితే అతని కడుపులోంచి గోరింకల గోల సన్నగా వినపడేది.

ఆ దెబ్బతో పేక అంటే అడవికి వణుకు పుట్టింది. తొమ్మిదిమందిని మింగిన ఆట అని దాని వంక చూడటమే మానేశారు. పాచిక ఒక్కరినే కదా మింగింది, అదే నయం అన్నారు. అలా అన్నవాళ్ళలో ముందున్నది కొండముచ్చు లింగుమామ.

లింగుమామ అడవికి కాపలాదారు. చిటారు కొమ్మన కూర్చుని, చిరుత కదిలితే కేక వేసేవాడు. ఆ కేక వింటే చాలు, అందరూ పరుగు తీసి బతికిపోయేవాళ్ళు. అందుకని మామ మాటంటే అందరికీ గురి. ఆయన ఒక తునికి చెట్టు మొదట్లో పాచిక పడిన అంకెలను గోటితో గీసుకుంటూ వచ్చాడు.

నెమలి వెళ్ళింది, నాలుగు పడింది. నక్క వెళ్ళింది, ఒకటి పడింది. అడవికోడి వెళ్ళింది, మూడు పడింది. రోజుకొక గొంతు పోతోంది. మామ మాత్రం రోజురోజుకీ హుషారు అవుతున్నాడు.

"చూడండర్రా, పాచికలో అంకెలు ఆరు," అన్నాడు చెట్టు మొదట్లో గీతలు చూపిస్తూ. "రెండు వచ్చి వెళ్ళింది. నాలుగు, ఒకటి, మూడు వచ్చి వెళ్ళాయి. ఇక వరసలో ఉన్నవి అయిదూ ఆరే. ఎవరి వంతు వాళ్ళకు రాక తప్పుతుందా?"

ఆ మాట విన్నవాళ్ళలో పోలి అనే చుక్కల దుప్పి ఉంది. దానికి చుక్కి అని రెండు నెలల కూతురు. దాహంతో పోలికి పాలు ఎండిపోతున్నాయి. ముళ్ళపంది ఏదమ్మ పొరుగునే ఉండి, దుంపలు తవ్వి తల్లీబిడ్డలకు పెడుతోంది కాబట్టి ఇంకా నిలబడి ఉన్నారు. ఏదమ్మకు లింగుమామ లెక్క ఎందుకో మింగుడు పడలేదు. తొందరపడకు, నన్ను కాస్త ఆలోచించుకోనీ అంది. పోలి ఆగలేకపోయింది. కూతురు ఖాళీ పొదుగును కుమ్ముతుంటే ఏ తల్లి ఆగుతుంది చెప్పండి.

పోలి వేసింది. అయిదు పడింది.

ఇక ఆరు ఒక్కటే మిగిలింది. లింగుమామకు అనుమానమే లేదు. అడవికి నీళ్ళు తెచ్చిన పేరు తనకే రావాలని తానే బయలుదేరాడు. దారి పొడుగునా ఆరు, ఆరు అని పాడుకుంటూ వెళ్ళాడు. పాచిక రాతి మీద దొర్లి దొర్లి ఆగింది.

నాలుగు.

మామ దాని వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు గొంతు పోయిందన్న దుఃఖం కూడా ముందు రాలేదు. నాలుగు తన వంతు తాగి వెళ్ళిపోయింది కదా, మళ్ళీ ఎలా వచ్చింది, అదే ఆయనకు అర్థం కాలేదు. ఆ అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకు అంతకన్నా వింత లేదు.

మర్నాడు చిరుత వచ్చింది. చిటారు కొమ్మ నుంచి మామ చూశాడు. నోరు తెరిచాడు. కింద ఒక కుందేలు గడ్డి వేళ్ళు కొరుక్కుంటోంది. మామ కొమ్మలు ఊపాడు, ఆకులు రాల్చాడు. కుందేలు తల ఎత్తి ఆకుల వైపు చూసింది. అదే అది ఆఖరుసారి చూడటం.

ఆ తరవాతే అసలు భయం మొదలైంది. ఒక మధ్యాహ్నం చుక్కి తల్లి పక్కనే పడుకుని ఉంది. "చుక్కీ, ఇటు రామ్మా," అని పిలుపు వినపడింది. అది అమ్మ గొంతు. చుక్కి పక్కకు చూసింది. అమ్మ పక్కనే ఉంది, నోరు మూసుకునే ఉంది. పిలుపు మాత్రం కొండ వైపు నుంచి వస్తోంది.

బొమికల తాత ఓడినవాళ్ళ గొంతులను ఊరికే దాచుకోడు. వాడుకుంటాడు.

మొదటి రోజు చుక్కి ఆ పిలుపు వెంట తునికి చెట్టు దాకా వెళ్ళింది. రెండో రోజు బంగళా దారి దాకా వెళ్ళింది. మూడో రోజు పోలి కాస్త కన్ను మూసి తెరిచేసరికి, చుక్కి బంగళా మెట్ల ముందు నిలబడి ఉంది. లోపలి చీకట్లోంచి అమ్మ గొంతు ముద్దుగా పిలుస్తూనే ఉంది. పోలి ఒక్క దూకున వెళ్ళి కూతురిని నుదుటితో పక్కకు నెట్టి, అడవిలోకి తరిమింది. ఆపైన ఆ పిలుపు వినపడ్డప్పుడల్లా అదే పని. నుదుటితో కుమ్మడం, దూరంగా పరిగెత్తించడం. చెప్పడానికి నోరు లేదు, ఇంకేం చేస్తుంది? నాలుగైదు రోజులకు చుక్కికి ఒక సంగతి అర్థమైంది. అమ్మ గొంతు వినపడితే పారిపోవాలి.

ఈలోగా ఏదమ్మ ఊరుకోలేదు. ఒక పెద్ద దుంపను పళ్ళతో చెక్కి ఆరు వైపులు చేసింది. ఒక్కో వైపు పంటిగాట్లు పెట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాన్ని రాతి మీద దొర్లిస్తూ కూర్చుంది. చూసినవాళ్ళు ముసలిదానికి ఎండదెబ్బ తగిలిందని సైగలు చేసుకున్నారు. మూడో రోజు సాయంత్రం అది అందరినీ పిలిచింది. వచ్చినవాళ్ళలో గొంతు మిగిలినవాళ్ళు నలుగురైదుగురే. మిగతావాళ్ళు వచ్చి ఊరికే కూర్చున్నారు.

"మూడు రోజులు వేశాను," అంది ఏదమ్మ. "ఒకసారి వరసగా పదిహేను సార్లు ఆరు పడలేదు. ఇంకోసారి వెంటవెంటనే మూడు సార్లు పడింది. ఎన్నోసార్లు పడకపోయిన తరవాత కూడా అది త్వరగా రాలేదు. ఎప్పుడు వేసినా ఆరింట ఒకటే."

ఎలుగుబంటి ఒకటి ఒప్పుకోలేదు. మరి వంతు సంగతి ఏమిటని అడిగింది.

"మన గుంట దగ్గర తాగినవాడు వెళ్ళిపోతాడు. మళ్ళీ వరసలో నిలబడడు. అందుకే మిగిలినవాడి వంతు వస్తుంది. పాచికలో నాలుగు ఎక్కడికి వెళ్ళింది? ఎక్కడికీ వెళ్ళలేదు. మళ్ళీ వేసేటప్పుడు ఆరు అంకెలూ మళ్ళీ వరసలోనే ఉంటాయి. పాచికకు నిన్న ఏం పడిందో గుర్తుండదు. దానికి వంతు తెలియదు."

లింగుమామ తల వంచుకున్నాడు. పేక సంగతి వేరు అని ఏదమ్మ చెప్పింది. పేకలో వచ్చిన ముక్క తాత కడుపులోకి పోతోంది, మళ్ళీ వరసలోకి రాదు. పన్నెండులో తొమ్మిది పోయాయి. ఆ తొమ్మిదీ ఉత్తవే, అందరూ చూశారు. అంటే మిగిలిన ముక్కలు మూడు. ఆ మూడింటిలో రాజులు ఇద్దరు. గోరింకలు పాపం తమ గొంతులు పెట్టి దారి సగం నరికేశాయి. భయపడి ఏ ఆటను వదిలేశారో, ఇప్పుడు ఆ ఆటే నయం.

అయితే గెలుపు ఖాయమా అని ఎలుగుబంటి అడిగింది.

"కాదు. మూడింట రెండు పాళ్ళు గెలుపు, ఒక పాలు ఓటమి. ఆ ఒక్కటి నాకే తగలొచ్చు. తెలిసే వెళుతున్నాను," అంది ఏదమ్మ. ఎందుకు వెళుతోందో కూడా చెప్పింది. చుక్కిని రోజూ ఎవరు కాపలా కాస్తారు, పోలి మాత్రం ఎన్నాళ్ళు నిద్ర మానుకుంటుంది అంది. పోలి దాని ముళ్ళ పక్కన తల ఆనించి నిలబడింది.

మర్నాడు నీడలు కాళ్ళ కిందకు చేరే వేళకు అందరూ బంగళా ముందుకు వచ్చారు. ఆకు కదలడం లేదు. తాత నెమలి గొంతుతో స్వాగతం చెప్పాడు. ఏదమ్మ పేక అనగానే అతని పళ్ళు ఒక్క క్షణం కొరకడం ఆపాయి. మూడు ముక్కలనూ ముఖాలు కిందకు పెట్టి, కలిపి, తొట్టి అంచు మీద వరసగా ఉంచాడు. ఏదమ్మ మధ్య ముక్కను పట్టుకుని తిప్పింది.

ఆఠీను ఏడు.

మూడింట ఒకటి దానికే తగిలింది. ఏం చేస్తాం, అలా కూడా జరుగుతుంది. మంచి లెక్క వేసినవాళ్ళు కూడా ఓడిపోతారు, అది నాకూ నచ్చదు. తాత ఆ ముక్కను నింపాదిగా నమిలి మింగాడు. నోరు తెరిచి గాలి పీల్చాడు. ఏదమ్మ గొంతు పోయింది.

అడవి మొత్తం వెనక్కి తగ్గింది. లెక్క తెలిసిన ఏదమ్మే ఓడిపోతే ఇక ఎవరు గెలుస్తారు? ఎలుగుబంటి ముందుగా ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే జారుకున్నారు. ఏదమ్మ మాత్రం తొట్టి దగ్గరే కూర్చుని, మిగిలిన రెండు ముక్కల వంక, పోలి వంక మార్చి మార్చి చూస్తోంది. చెప్పడానికి దానికిప్పుడు నోరు లేదు.

పోలి కదలకుండా నిలబడింది. నిన్న ఏదమ్మ చెప్పింది మనసులో మళ్ళీ మొదటి నుంచి నడిపించింది. వచ్చిన ముక్క తిరిగి రాదు. ముందుకాలి గిట్టతో నేల మీద తడుతూ లెక్కపెట్టింది. గోరింకలవి తొమ్మిది. ఏదమ్మది ఒకటి. మొత్తం పది. మొదటి రోజు తాత చూపించిన ఉత్త ముక్కలు ఎన్ని? పదే. పోలి ఇంకోసారి లెక్కపెట్టింది. పదే వచ్చాయి. అది కూతురిని వెంటపెట్టుకుని మెట్లెక్కింది.

"గొంతు లేనిదానివి. ఏం పెట్టి ఆడతావు?" అన్నాడు తాత. తరవాత తానే జవాబు చెప్పాడు. "పిల్లను పెట్టు. ఓడితే అది ఇక్కడే ఉంటుంది."

చుక్కి తల్లి కాళ్ళ మధ్య దూరింది. పోలి వణికింది. ఆ వణుకు చూసి తాత గొంతు మార్చాడు. లింగుమామ గొంతుతో, అడవి అంతా నమ్మిన ఆ గొంతుతో చెప్పాడు. పాచిక వెయ్యమ్మా, ఆరుసార్లయినా ఆరు పడలేదు, దానికి ఇప్పుడు రాక తప్పదు అన్నాడు. పోలి అటు చూడలేదు. తాత మళ్ళీ గొంతు మార్చాడు.

"నా లెక్క తప్పు పోలీ. నన్ను చూశావుగా. పేక జోలికి పోకు."

అది ఏదమ్మ గొంతు, ఆ దగ్గుతో సహా. పక్కనే ఏదమ్మ కూర్చుని ఉంది. దాని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు మాత్రం మూసే ఉంది.

పోలి ఒక్క క్షణం తడబడింది. చెబుతున్నది ఎవరి గొంతు అన్నది పక్కన పెట్టింది. ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి అన్నదే పట్టుకుంది. పది ఉత్తవీ పోయాయి. మిగిలినవి రెండు. ఆ రెండూ రాజులే. కుడిది తీసినా రాజే, ఎడమది తీసినా రాజే. లోకంలో ఏ గొంతూ దాన్ని మార్చలేదు. పోలి గిట్టతో దగ్గర ఉన్న ముక్కను తిప్పింది.

ఇస్పేటు రాజు.

బొమికల తాత ఆటలో మోసం చెయ్యడని ముందే చెప్పాను. కోపం కూడా చూపించలేదు. నోరు తెరిచాడు. ముందు గోరింకలు, తొమ్మిదీ ఒక్కసారిగా, గోలగోలగా బయటకు వచ్చాయి. తరవాత బండన్న గుర్రు, నెమలి క్రేంకారం, నక్క ఊళ, అడవికోడి కూత. తరవాత లింగుమామ కేక కొండలు దద్దరిల్లేలా వచ్చింది. ఏదమ్మ దగ్గు వచ్చింది. ఆఖరున పోలి గొంతు, దాని వెనకే ఎవరిదో తెలియని ఆ పాత గుసగుస కూడా వచ్చాయి. అన్నీ అయిపోయాక తాత ఏదో చెప్పబోయాడు. ఏమీ వినపడలేదు. అతని లోపల అతనిదంటూ ఒక్క మాట కూడా లేదు. మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ కొండ అవతలికి వెళ్ళిపోయాడు. నడుస్తున్నంతసేపూ ఏదో చెబుతున్నట్టు నోరు కదులుతూనే ఉంది.

జారుకున్నవాళ్ళందరూ గోల విని తిరిగి వచ్చారు. తొట్టి ముందు వరస కట్టారు. పాలిచ్చే తల్లులు ముందు, కాబట్టి మొదటి గుక్క పోలిది. నీళ్ళు కిందకు దిగలేదు. పోలి ఒక్క గుక్క తాగి, కూతురిని కూడా తాగమని పిలవడానికి తల ఎత్తింది. ఎన్ని రోజులకో నోరు తెరిచి, ఆనందం పట్టలేక, "చుక్కీ, ఇటు రామ్మా," అంది.

చుక్కి ఉలిక్కిపడింది. చెవులు వెనక్కి వాల్చి మెట్ల మీద నుంచి దూకి పారిపోయింది.

తప్పు పిల్లది కాదు. ఆ గొంతు వినపడితే పారిపోవాలని నేర్పింది తల్లే. పాచికకు ఏదీ గుర్తుండదు కానీ పిల్లలకు అన్నీ గుర్తుంటాయి. పోలికి ఏడుపు ఆగలేదు. గెలిచి తెచ్చుకున్న గొంతును మళ్ళీ దిగమింగుకుంది. పిలవకుండా, పరిగెత్తకుండా పొదల దాకా నడిచి వెళ్ళి, నోరు మూసుకుని నిలబడింది. చాలాసేపటికి చుక్కి పొదలోంచి తల బయట పెట్టింది. ఒక అడుగు వేసి ఆగింది. మెల్లగా వచ్చి తల్లి మెడ వాసన చూసి, నుదురు ఆనించింది. అప్పుడు కూడా పోలి మాట్లాడలేదు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి నీళ్ళ దగ్గరికి వచ్చారు. వాళ్ళు వచ్చే దాకా అడవిలో ఎవరూ నీళ్ళు ముట్టుకోలేదు.

పోలి చుక్కిని పేరు పెట్టి పిలిస్తే చుక్కి పారిపోకుండా నిలబడటానికి ఆ ఎండాకాలమంతా పట్టింది.

నీతి: చాలాకాలంగా రానిది ఇప్పుడు వచ్చి తీరుతుందని ఆశపడి దేన్నీ పణంగా పెట్టకూడదు; ఏం పోయిందో, ఏం మిగిలిందో లెక్కపెట్టుకున్నాకే అడుగు వెయ్యాలి.